టెన్త్ మెమోలో పేరు మార్చుకోవాలి: కోర్టుకి వెళ్ళాలా, గెజిట్ చాలా?

పావని_జగిత్యాల | 8 జనవరి, రాత్రి 9:40

అందరికీ నమస్తే. టెన్త్ మెమోలో నా పేరు పెంటమ్మ. నాకంటే ముందు ఇద్దరు పిల్లలు పుట్టి దక్కలేదు. నన్నైనా నిలబెట్టుకోవాలని పుట్టగానే పెంట మీద పడుకోబెట్టి, మళ్ళీ ఎత్తుకొచ్చి ఆ పేరు పెట్టారు. ఇంట్లో, వాడలో అందరూ పావని అనే పిలుస్తారు. బడిలో చేర్చిన రోజు మా నాయన అసలు పేరే రాయించాడు. ఆధార్, పాన్, పాస్‌పోర్టు, నర్సింగ్ డిగ్రీ అన్నీ ఆ పేరు మీదనే ఉన్నాయి.

ఇప్పుడు ఒక ప్రైవేటు హాస్పిటల్లో స్టాఫ్ నర్సుగా చేస్తున్నా. బ్యాడ్జి మీద పేరు చూసి నవ్వేవాళ్ళు నవ్వుతారు. ఇంటర్వ్యూలో అయితే పేరు రెండుసార్లు చదివి నా మొహం చూస్తారు. ఇంక చాలు అనిపించింది. గల్ఫ్‌కి అప్లై చేసే లోపు పేరు మార్చుకోవాలని ఉంది.

ఒకాయన పదిహేను వేలు ఇస్తే వారంలో "కోర్టు ఆర్డర్" తెచ్చిస్తా అంటున్నాడు. నమ్మొచ్చా? కోర్టు ద్వారా మార్చుకోవడం అంటే అసలు ఏం చేయాలి? టెన్త్ మెమోలో కూడా మారుతుందా?

మీసేవ_సతీష్ | 8 జనవరి, రాత్రి 10:15

అక్కా, ముందు ఆయనకి డబ్బులు ఇవ్వకండి. వారంలో వచ్చే కోర్టు ఆర్డర్ అంటూ ఏదీ లేదు. ఆ రేటుకి ఇచ్చేది స్టాంపు పేపరు మీద టైపు చేసి నోటరీ ముద్ర వేసిన అఫిడవిట్. ముద్ర ఎర్రగా గుండ్రంగా ఉంటుంది, పక్కన ఒక లాయరు సంతకం ఉంటుంది, జనం అదే కోర్టు కాగితం అనుకుంటారు. నా సెంటర్‌కి అలాంటివి పట్టుకుని ఆధార్ మార్చమని వచ్చేవాళ్ళు చాలామంది. వెనక్కి పంపాల్సి వస్తుంది, బాధేస్తుంది.

మామూలుగా పేరు మార్పుకి దారి ఇది. నోటరీ దగ్గర అఫిడవిట్. తర్వాత ఒక తెలుగు పేపర్లో, ఒక ఇంగ్లీషు పేపర్లో ప్రకటన. ఆ తర్వాత గెజిట్, అంటే ప్రభుత్వ అధికారిక పత్రికలో ప్రచురణ. తెలంగాణ గెజిట్ అయితే హైదరాబాద్ చంచల్‌గూడలోని ప్రభుత్వ ముద్రణాలయం. కేంద్ర గెజిట్ అయితే ఢిల్లీలో ప్రచురణల శాఖ, అందులో పార్ట్ 4లో పేరు మార్పులు వేస్తారు. గెజిట్ చేతికొస్తే ఆధార్, పాన్, బ్యాంకు, పాస్‌పోర్టు అన్నిటికీ అదే ఆధారం. వీటికి కోర్టు గడప తొక్కక్కర్లేదు.

పేపరు ప్రకటన వచ్చిన రోజు ఆ ముక్క కత్తిరించి పారేయకుండా పేపరు మొత్తం దాచుకోండి. తేదీ, ఎడిషన్ కనిపించాలి.

శ్రీకాకుళం_మాస్టారు | 9 జనవరి, ఉదయం 6:20

అమ్మా పావనీ, నేను రిటైర్డ్ హెడ్మాస్టర్ని. నా సర్వీసులో అడ్మిషన్ రిజిస్టర్లలో పెంటయ్యలు, పెంటమ్మలు, పుల్లయ్యలు ఎందరో. పిల్లలు దక్కని ఇళ్ళలో, ఇదైనా మిగలాలి తల్లీ అని మొక్కుకుని పెట్టిన పేర్లు అవి. బళ్ళో తోటి పిల్లలు ఏడిపిస్తుంటే కళ్ళారా చూశాను. అందుకే టెన్త్ నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల పేర్ల జాబితా) పంపే ముందు అలాంటి పిల్లల తల్లిదండ్రులను పిలిచి మాట్లాడేవాణ్ణి. ఆ దశలో చూసుకోవడం తేలిక. రోల్స్ వెళ్ళి, పరీక్ష రాసి, మెమో చేతికొచ్చాక అదే పేరు జీవితాంతం వెంట వస్తుంది.

ఒక్క విషయం చెప్పాలి. అడ్మిషన్ రిజిస్టర్లో పావని అని ఉండి, మెమోలో పొరపాటున ఇంకోలా పడితే దాన్ని సవరించడానికి బడి నుంచి ప్రతిపాదన వెళ్తుంది, డీఈఓ (జిల్లా విద్యాధికారి) ద్వారా పరీక్షల విభాగానికి చేరుతుంది. నీ విషయంలో రిజిస్టర్లోనే పెంటమ్మ అని ఉందంటున్నావు. కాబట్టి సవరణ కింద అడిగితే తిప్పి పంపుతారు.

నా సలహా అడిగితే మెమో జోలికి వెళ్ళకు. గెజిట్ పెట్టుకుని ముందుకి సాగిపో. చదువు కాగితాలు పాత పేరుతో, పక్కన గెజిట్. చాలామంది అలాగే ఉద్యోగాలు చేసి రిటైరయ్యారు కూడా.

పావని_జగిత్యాల | 9 జనవరి, మధ్యాహ్నం 2:05

మాస్టారూ, మీ మాట చదువుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా అమ్మ మీద నాకు కోపం లేదు. కానీ గెజిట్ పక్కన పెట్టుకుని తిరిగినా ప్రతిచోటా మెమో చూపిస్తూనే ఉండాలి కదా. అక్కడ చదివేది ఆ పేరే. మెమోలోనే పోవాలని నా ఆశ. అది కుదరదా?

వకీలు_హన్మకొండ | 9 జనవరి, రాత్రి 8:30

పావని గారూ, హన్మకొండలో సివిల్ వైపు ప్రాక్టీసు చేస్తాను. కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

గెజిట్ అంటే ప్రకటన మాత్రమే. కేంద్ర గెజిట్ పార్ట్ 4 పైన, ఈ ప్రకటనలకు ప్రభుత్వానిది బాధ్యత కాదు, పరిణామాలకు ప్రకటన ఇచ్చినవాళ్ళే బాధ్యులు అని అచ్చు వేసి ఉంటుంది. నేను పేరు మార్చుకున్నాను అని లోకానికి చెప్పడమే దాని పని. పాస్‌పోర్టు, ఆధార్ వాళ్ళు దాన్ని ఒప్పుకుంటారు, ఎందుకంటే వాళ్ళ రూల్స్‌లో దానికి చోటుంది. టెన్త్ పరీక్షల బోర్డు తన రికార్డు మార్చాలంటే సంగతి వేరు.

దీని మీద 2021 జూన్ 3న సుప్రీంకోర్టు జిగ్యా యాదవ్ వర్సెస్ సీబీఎస్‌ఈ కేసులో పెద్ద తీర్పు ఇచ్చింది. పేరు మనిషి ఉనికిలో భాగం, దాన్ని మార్చుకునే హక్కుకి రాజ్యాంగం 19, 21 అధికరణాల అండ ఉంది అని చెప్పింది. పేరు మార్పుకి అడ్డంగా ఉన్న బైలాస్‌ని (బోర్డు సొంత నిబంధనల్ని) సవరించుకోమని సీబీఎస్‌ఈని ఆదేశించింది. అందులోనే రెండు రకాలు విడదీసింది. బడి రికార్డుకో, బర్త్ సర్టిఫికెట్ లాంటి పబ్లిక్ డాక్యుమెంటుకో సరిపోయేలా దిద్దమని అడగడం ఒకటి. తర్వాత కాలంలో తెచ్చుకున్న కొత్త పేరుని సర్టిఫికెట్‌లోకి ఎక్కించమనడం రెండోది. రెండో రకానికి కోర్టు అనుమతి లేదా డిక్లరేషన్ (ఈ పేరు ఈ మనిషిదే అని కోర్టు చేసే ప్రకటన), దానితో పాటు గెజిట్ ప్రచురణ అడిగే అధికారం బోర్డుకి ఉందని, పాత సర్టిఫికెట్ తిరిగి ఇచ్చేయాలని చెప్పింది.

ఇక్కడ మీకు నచ్చని మాట ఒకటి ఉంది, దాచకుండా చెబుతాను. అలా ఇచ్చే కొత్త సర్టిఫికెట్‌లో పాత పేరు కూడా ఉంచి, కొత్త పేరు చేర్చాలని కోర్టు అంది. పాత పేరు మాయమైపోదు. సర్టిఫికెట్ మీద ఆధారపడిన మూడో వ్యక్తులు మోసపోకూడదన్నది కారణం.

అది సీబీఎస్‌ఈ బైలాస్ మీద వచ్చిన తీర్పు. మీది స్టేట్ బోర్డు. అయినా పేరు హక్కు గురించి సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం ఏ బోర్డు ముందైనా, ఏ కోర్టు ముందైనా వాదించుకోవచ్చు. కాబట్టి మాస్టారు గారి అనుభవాన్ని గౌరవిస్తూనే, దారి మూసుకుపోలేదని చెబుతున్నాను.

రాజు_భీమవరం | 10 జనవరి, ఉదయం 11:00

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. న్యూమరాలజీ ఆయన నా ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో ఇంకో ఎ, ఇంకో యు కలపమన్నారు. దీనికి కూడా గెజిట్, కోర్టు కావాలా?

మీసేవ_సతీష్ | 10 జనవరి, ఉదయం 11:25

అన్నా, ఒక్క అక్షరం మారినా కంప్యూటర్‌కి అది వేరే పేరే. ఆధార్‌కి, పాన్‌కి స్పెల్లింగ్ తేడా వస్తే లింకు కాదు, పీఎఫ్ దగ్గర క్లెయిమ్ ఆగుతుంది. ఆధార్‌లో పేరు మామూలుగా రెండుసార్లే మార్చుకోనిస్తారు. ఆ రెండు అవకాశాలు అక్షరాల లెక్కకి ఖర్చు చేయొద్దు. షాపు బోర్డు మీద, విజిటింగ్ కార్డు మీద మీకు నచ్చినట్టు రాసుకోండి, రికార్డులు అలాగే ఉంచండి.

లక్ష్మి_తెనాలి | 10 జనవరి, సాయంత్రం 4:50

వకీలు గారూ, నాదీ ఇలాంటిదే. బాబు ఏడాది పిల్లాడప్పుడు మా ఆయన పోయారు. తర్వాత మళ్ళీ పెళ్ళి చేసుకున్నాను. బాబుని ఈయన కన్నకొడుకులా చూసుకుంటున్నారు. స్కూల్లో ఈయన ఇంటిపేరు రాయిద్దామంటే, పాత అత్తగారి వాళ్ళు కోర్టుకి వెళ్తామంటున్నారు. బాబు ఇంటిపేరు నిర్ణయించే హక్కు నాకు లేదా?

వకీలు_హన్మకొండ | 10 జనవరి, రాత్రి 9:10

లక్ష్మి గారూ, ఉంది. అచ్చం మీలాంటి తెలుగు కుటుంబం కేసులోనే 2022 జూలై 28న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. భర్త పోయాక మళ్ళీ పెళ్ళి చేసుకున్న తల్లి, ఎదురుగా మొదటి భర్త తల్లిదండ్రులు. బిడ్డకి కన్నతండ్రి ఇంటిపేరే పునరుద్ధరించాలని, రికార్డుల్లో ఇప్పటి భర్తని సవతి తండ్రిగా చూపాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆదేశించింది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. తండ్రి లేనప్పుడు తల్లే సహజ సంరక్షకురాలు, ఇంటిపేరు నిర్ణయం ఆమెదే అంది. సవతి తండ్రి అని కాగితాల మీద రాయించడం బిడ్డ మనసు గురించి ఆలోచించని క్రూరమైన ఆదేశం అన్నంత మాట వాడింది. నాకు చాలా ఇష్టమైన తీర్పు అది.

అయితే ఇంటిపేరు వేరు, తండ్రి పేరు వేరు. బర్త్ సర్టిఫికెట్‌లో తండ్రి పేరు కన్నతండ్రిదే ఉంటుంది. ఈయన పేరు తండ్రిగా రావాలంటే చట్టప్రకారం దత్తత జరగాలి. హిందువులైతే 1956 దత్తత చట్టం కింద దత్తత చేసుకుని, పత్రాన్ని రిజిస్టర్ చేయించుకోండి. దత్తత పత్రం రిజిస్టరై ఉంటే, అది చెల్లుతుందనే భావనతోనే కోర్టులు మొదలుపెడతాయి. ఆ కేసులో కూడా రెండో భర్త రిజిస్టర్డ్ దత్తత చేసుకున్నారు. బాబు చిన్నవాడు కాబట్టి ఇప్పుడే చేయించడం మంచిది, టెన్త్ దాకా ఆగకండి.

లక్ష్మి_తెనాలి | 10 జనవరి, రాత్రి 9:45

చాలా ధైర్యం వచ్చిందండీ. ఈ రాత్రికి నిద్రపడుతుంది.

ఫ్రిస్కో_కిరణ్ | 11 జనవరి, ఉదయం 7:30

టెక్సాస్ నుంచి రాస్తున్నా. ఇక్కడ పేరు మార్పు అంటే నేరుగా కోర్టే. ఉండే కౌంటీలో పిటిషన్ వేయాలి, వేలిముద్రలు ఇవ్వాలి, జడ్జి ఆర్డర్ ఇస్తే ఆ ఒక్క ఆర్డర్‌తో సోషల్ సెక్యూరిటీ, డ్రైవింగ్ లైసెన్సు అన్నీ మారతాయి. మనవాళ్ళ బాధ ఇంకోటి. ఇండియా పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు విడదీయకుండా ఒకే గడిలో రాయిస్తే అమెరికా వీసాలో మొత్తం ఇంటిపేరు గడిలో పడుతుంది, పేరు గడిలో "ఎఫ్‌ఎన్‌యూ" (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని వస్తుంది. ఇక్కడ నన్ను ఆఫీసులో మొదటి వారం "ఫ్నూ" అని పిలిచారు. పౌరసత్వం అప్లై చేసినప్పుడు ఎన్-400 ఫారంలోనే పేరు మార్పు అడిగాను. జడ్జి చేత కోర్టులో ప్రమాణం చేయించే చోట మాత్రమే అది కుదురుతుంది, ఆఫీసులో జరిగే ప్రమాణానికి కుదరదు.

పావని గారూ, విదేశాలకి రావాలనుకుంటే పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి, పేరు గడి విడివిడిగా సరిగ్గా నింపించుకోండి. పేరు మారుస్తున్న సమయంలోనే ఇదీ సరిచేసుకుంటే ఒకే పనిలో అయిపోతుంది.

పావని_జగిత్యాల | 12 జనవరి, రాత్రి 10:20

అందరికీ థ్యాంక్స్. వకీలు గారూ, పాత పేరు కూడా ఉంటుందన్న మాట చదివి రెండు రోజులు మనసు బాగాలేదు. తర్వాత ఆలోచించాను. పైన పావని అని ఉండి, పూర్వం పేరు ఇది అని కింద ఉంటే నాకు ఫర్వాలేదు. ఎవరైనా పిలిచేది పైనున్న పేరే కదా.

కోర్టులో వేస్తే ఎవరి మీద వేయాలి? ఏం కాగితాలు కావాలి? ఇంట్లో భయపడుతున్నారు, ప్రభుత్వం మీద కేసు అంటే ఏమవుతుందో అని.

వకీలు_హన్మకొండ | 13 జనవరి, రాత్రి 9:00

భయపడాల్సిందేమీ లేదని ఇంట్లో చెప్పండి. ఇది తగాదా కేసు కాదు. నిర్దిష్ట ఉపశమన చట్టం 1963, సెక్షన్ 34 కింద డిక్లరేషన్ దావా. మామూలుగా జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో వేస్తారు. కోర్టు ఫీజు 1956 కోర్టు ఫీజుల చట్టం సెక్షన్ 24(డి) ప్రకారం లెక్కకడతారు, భూమి దావాల్లా భారం కాదు.

అందరూ తొందరపడే చోటు ప్రతివాదుల విషయం. బడి హెడ్మాస్టర్ని ఒక్కరినే పార్టీ చేసి, ఆయన అభ్యంతరం లేదంటే త్వరగా డిక్రీ (కోర్టు తుది ఉత్తర్వు) తెచ్చుకుంటారు. అదే చట్టం సెక్షన్ 35 ప్రకారం డిక్లరేషన్ పార్టీలకే కట్టుబాటు. బోర్డు పార్టీ కాకపోతే ఆ డిక్రీ మాకు వర్తించదు అంటుంది, మీరు చేసేదేమీ ఉండదు. కాబట్టి కలెక్టర్ ప్రతినిధిగా రాష్ట్ర ప్రభుత్వం, పరీక్షల డైరెక్టర్, డీఈఓ, హెడ్మాస్టర్ నలుగురినీ చేర్చాలి. ప్రభుత్వం పార్టీ కాబట్టి సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద ముందుగా నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలి. అర్జెంటని చూపగలిగితే 80(2) కింద కోర్టు అనుమతితో ముందే వేయొచ్చు, కానీ మీకు ఆ తొందర లేదు.

దావాకి ముందు చేయాల్సిన పని ఒకటుంది. గెజిట్ వచ్చాక బోర్డుకి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు ఉండేలా. వాళ్ళు కుదరదని రాసిస్తే ఆ కాగితం బంగారం. దావాకి కారణం ఆ తేదీ నుంచే చూపుతాం. డిక్లరేషన్ దావాకి మూడేళ్ళ గడువు ఉంటుంది, లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 58. మెమో వచ్చిన ఏడాది నుంచి లెక్కేస్తే గడువు దాటిందని ప్రభుత్వ ప్లీడర్ తప్పకుండా వాదిస్తారు. పేరు మార్పు మీరు ఇప్పుడు చేసుకున్నది, నిరాకరణ ఇప్పుడు జరిగింది అన్నది మన జవాబు. జవాబే ఇవ్వకుండా నెలలు గడిపితే సమాచార హక్కు చట్టం కింద నా అర్జీ ఏమైంది అని అడగండి, 30 రోజుల్లో చెప్పాలి.

సాక్ష్యానికి పావని అనే పేరు ఎప్పటి నుంచో వాడుకలో ఉందని చూపే ప్రతి కాగితం పనికొస్తుంది. పెళ్ళి పత్రికలో ఇంటివాళ్ళ పేర్లలో మీ పేరు, పాత ఉత్తరాలు, అంగన్‌వాడీ పుస్తకం ఏదైనా సరే. మీరు, మీ అమ్మగారు, ఊళ్ళో ఒక పెద్దమనిషి సాక్ష్యం చెబితే చాలు. దేన్నుంచీ తప్పించుకోవడానికి మార్చుకోవడం లేదని తేలితే కోర్టులకి అభ్యంతరం ఉండదు. పేరు మారినంత మాత్రాన పాత అప్పులు, కేసులు పోవు, అది అందరూ గుర్తుపెట్టుకోవాలి.

ఒట్టి డిక్లరేషన్ డిక్రీని అమలు చేయించలేం, కాబట్టి మెమో మార్చమని బోర్డుకి ఆదేశం కూడా దావాలోనే అడగాలి. అలా డిక్రీ వచ్చాక కూడా మార్చకపోతే అమలు పిటిషన్ ఉంది. గెజిట్ చూపినా బోర్డు కారణం చెప్పకుండా తోసేస్తే 226 అధికరణం కింద హైకోర్టులో రిట్ వేయొచ్చు. అక్కడ సాక్షుల విచారణ ఉండదు కాబట్టి కాగితాలు గట్టిగా ఉన్నవాళ్ళకి ఆ దారి.

శ్రీకాకుళం_మాస్టారు | 14 జనవరి, ఉదయం 5:55

వకీలు గారు చెప్పింది బాగుంది. మెమో జోలికి వెళ్ళకన్న మాట నేను వెనక్కి తీసుకోను, అది సులువైన దారి కాబట్టి. కానీ ఆ అమ్మాయికి అది కావాలి, చట్టం చోటిచ్చింది. బడి నుంచి అడ్మిషన్ రిజిస్టర్ ఎక్స్‌ట్రాక్ట్, బోనఫైడ్ ఇప్పుడే సంతకాలతో తీసుకోమ్మా. హెడ్మాస్టర్లు బదిలీ అయితే కొత్తవాళ్ళకి రిజిస్టర్ వెతకడమే పెద్ద పని. భోగి శుభాకాంక్షలు అందరికీ.

పావని_జగిత్యాల | 26 మార్చి, రాత్రి 8:45

గెజిట్ వచ్చింది! ఆధార్ మారింది, పాన్‌కి అప్లై చేశాను. పాస్‌పోర్టు కొత్తదానికి స్లాట్ దొరికింది, కిరణ్ గారు చెప్పినట్టు ఇంటిపేరు విడిగా రాయించాను. నర్సింగ్ కౌన్సిల్లో గెజిట్ కాపీ పెట్టాను. హాస్పిటల్లో బ్యాడ్జి మార్చారు.

అమ్మకి చెప్పడానికే ఎక్కువ భయపడ్డాను. "నువ్వు బతకడానికి పెట్టిన పేరు, నువ్వు బతికినవు గదా, ఇగ నీ ఇష్టం" అన్నది. సాక్ష్యానికి తనే వస్తానంటోంది.

బోర్డుకి అర్జీ స్పీడ్ పోస్టులో పంపాను. వకీలు గారూ, ఒక డౌట్. గల్ఫ్ ఉద్యోగానికి సర్టిఫికెట్లు సరిచూసే డేటాఫ్లో వెరిఫికేషన్ ఇప్పుడు మొదలుపెట్టాలా, మెమో మారేదాకా ఆగాలా?

వకీలు_హన్మకొండ | 26 మార్చి, రాత్రి 9:30

ఆగొద్దు. దావా ఎన్నాళ్ళు నడుస్తుందో ఎవరూ మాట ఇవ్వలేరు, ఉద్యోగం దాని కోసం వాయిదా వేసుకోకండి. కొత్త పేరుతో పాస్‌పోర్టు చేతికొచ్చాక, పాత పేరుతో ఉన్న సర్టిఫికెట్లకి గెజిట్ జతచేసి పంపండి. మెమో ఒరిజినల్ మాత్రం ఎక్కడా వదిలేయకండి, డిక్రీ వచ్చాక బోర్డుకి తిరిగి ఇచ్చేయాల్సింది అదే. మీరు దేశంలో లేకపోయినా దావా నడపడానికి అమ్మగారి పేరు మీద జీపీఏ (మీ తరఫున వ్యవహరించే అధికార పత్రం) రాసిచ్చి వెళ్ళండి. మీ సొంత సాక్ష్యం రోజుకి మాత్రం మీరు రావాలి, లేదా వీడియోలో చెప్పడానికి కోర్టు అనుమతి అడుగుదాం.

పావని_జగిత్యాల | 26 మార్చి, రాత్రి 9:50

సరే సార్. బోర్డు నుంచి జవాబు రాగానే ఇక్కడే పెడతాను. వచ్చే నెల హన్మకొండ వచ్చి కాగితాలన్నీ ఇస్తాను.